గొడవ ముదరకముందే మాట్లాడుకోవాలంటే చట్టం ఎందుకు?

నమస్తే అండీ. మా భీమవరం వైపు మిల్లు ఓనర్లని కదిపితే, కార్మిక చట్టాలన్నీ యూనియన్లు తమని ఆడించడానికే అంటారు. యూనియన్ వాళ్లేమో, అవి కూలోడి నోరు కట్టేయడానికే అంటారు. ఇద్దరూ ఒక్కసారి యానాం గుర్తు తెచ్చుకోవాలి.

2012 జనవరి 27. అక్కడి రీజెన్సీ సిరామిక్స్‌లో జీతాల గొడవ వారాల తరబడి నలిగింది. ఆ ఒక్కరోజే, పోలీసులు అదుపులోకి తీసుకున్న యూనియన్ నాయకుడు చనిపోయాడు. జనం కంపెనీ ప్రెసిడెంటుని కొట్టి చంపేశారు. ఫ్యాక్టరీకి నిప్పు పెట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అందులో పని లేదు.

అంత దూరం పోకముందే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. ఈ చట్టాలు పుట్టింది అందుకే. ఒకప్పుడు ఆ కూర్చోవడానికి కూడా దిక్కులేదు. మద్రాసు బిన్నీ మిల్లుల వాళ్లు యూనియన్ నాయకుల మీద హైకోర్టుకెళ్లి, కూలీలని సమ్మెకి పురిగొల్పకూడదని ఆర్డరే తెచ్చుకున్నారు. మన జిల్లాలూ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. అలాంటి కేసుల నుంచి యూనియన్‌కి రక్షణ దొరికింది 1926 ట్రేడ్ యూనియన్ల చట్టంతో.

2025 నవంబరు 21 నుంచి, ఆ 1926 చట్టం లాంటి పాతవాటిని కలిపేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకొచ్చింది. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లాకౌట్‌కీ, అంటే గొడవలో ఓనరే గేటుకి తాళం వేయడానికీ అంతే, ఇది ఓనర్లు మర్చిపోతుంటారు. సగం మంది కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. ఇది మరీ టూమచ్ అనిపిస్తుంది నాకు. అయినా ఆ 14 రోజుల్లో లేబర్ ఆఫీసర్ ఇద్దర్నీ పిలిచి మాట్లాడిస్తే గడువు పెట్టినందుకు అర్థం ఉంది. ఫైలు మీద ఫైలు పేరిస్తే మాత్రం అది ఓనరుకి దొరికిన టైమే.

ఇంతకీ నోటీసు ఎవరికివ్వాలి? రొయ్యల ప్లాంటులో తలకాయలు తీసే ఒకామెతో మాట్లాడాను. పొద్దస్తమానం ఐసు నీళ్లలో పని, గ్లౌజు తీస్తే వేళ్లు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. "కూలి ఎవరిస్తారమ్మా?" అంటే "మేస్త్రీ అండీ" అంది. కంపెనీ పేరున్న కాగితం ముక్క ఒక్కటీ ఆమె దగ్గర లేదు.

మేస్త్రీ లాంటి కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉంది. ఆ మాటే చెప్పాను. "మేస్త్రీ చెవిన పడితే రేపు వ్యాను ఎక్కనివ్వడు, మీరు నా పేరు చెప్పకండి బాబూ" అంది.