పాత కాంతి మీద పడిన కొత్త గుర్తులు

సభకు నమస్కారం.

మహావిస్ఫోటం తరువాత సుమారు 3,80,000 ఏళ్లకు బయలుదేరిన కాంతి, విశ్వవ్యాకోచం వల్ల చల్లబడి, ఇవాళ 2.725 కెల్విన్ ఉష్ణోగ్రత గల సూక్ష్మతరంగాలుగా ఆకాశం నలుమూలల నుంచీ మనల్ని చేరుతోంది. 1965లో పెన్జియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు దీనిని ప్రకటించినప్పటి నుంచి మనం దీన్ని విశ్వం పసితనపు చిత్రం అంటూ వస్తున్నాం. ఆ మాట సగమే నిజమని నా అభిప్రాయం. దారిలో తగిలిన పదార్థమంతా ఈ కాంతి మీద ఏదో ఒక గుర్తు వేసే పంపింది. ఇవాళ నేను చెప్పదలచినది ఆ గుర్తుల సంగతే.

పెద్ద గెలాక్సీ సమూహాలలో కోట్ల డిగ్రీల వేడి వాయువు నిండి ఉంటుంది. దాని గుండా వెళ్లే ఫోటాన్లలో, అంటే కాంతి కణాలలో, నూటికి ఒకటి మాత్రమే అక్కడి ఎలక్ట్రాన్‌ను తాకి, కాస్త శక్తి పుంజుకుని బయటపడుతుంది. అందువల్ల అదే సమూహం 150 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద చల్లని మచ్చగా కనిపిస్తుంది, 217 వద్ద దాదాపు మాయమవుతుంది, అంతకు పైన వెచ్చని మచ్చగా తేలుతుంది. దీన్ని సోవియట్ శాస్త్రవేత్తలు సున్యాయెవ్, జెల్దోవిచ్ ముందే ఊహించారు. దూరం పెరిగినా ఈ మచ్చ తీవ్రత తగ్గకపోవడం దీని గొప్పతనం. 2015లో ప్లాంక్ ఉపగ్రహ బృందం ఇలాంటివి 1,653 గుర్తించింది.

అయితే వాయువు కొద్దిపాటిదే. పదార్థంలో అధికభాగం వెలుగునివ్వని కృష్ణపదార్థం. దానిని పట్టిచ్చేది గురుత్వాకర్షణ; అది కాంతి దారిని వంచుతుంది. కాంతి దారి మొత్తం మీద సగటున రెండు మూడు ఆర్క్ నిమిషాలు, అంటే పూర్ణచంద్రుడి వెడల్పులో సుమారు పన్నెండో వంతు పక్కకు జరుగుతుంది. వంగకముందు చిత్రం ఎలా ఉండేదో చూసినవారెవరూ లేనప్పుడు వంపును కనిపెట్టడం ఎలా? ఈ పాత కాంతిలో మొదటి నుంచీ ఉన్న వెచ్చని, చల్లని మచ్చల సగటు పరిమాణం మనకు తెలుసు, వాటికి ఏ దిక్కు మీదా మొగ్గు లేదనీ తెలుసు. పదార్థం దట్టంగా ఉన్న వైపు అవి సగటు కంటే పెద్దవిగా, ఖాళీ వైపు చిన్నవిగా కనిపిస్తాయి. ఒక్క మచ్చను చూస్తే ఏమీ తేలదు. లెక్కలేనన్ని మచ్చలను కలిపి చూస్తేనే పదార్థపు పటం రూపుకడుతుంది. 2013లో ప్లాంక్ దాదాపు ఆకాశమంతటికీ అలాంటి పటం గీసింది. 2023లో చిలీలోని అటకామా టెలిస్కోప్ మరింత సూక్ష్మమైన పటం ఇచ్చింది.

ఈ పటంలో ఒక లోటుంది: దూరాలన్నీ ఒకదానిపై ఒకటి పడి ఒక్కటై కనిపిస్తాయి. అందుకని దూరం తెలిసిన గెలాక్సీలను పొరలు పొరలుగా విడదీసి, ఒక్కో పొరను ఈ పటంతో పోల్చి, ఏ కాలంలో పదార్థం ఎంత గుమిగూడిందో లెక్కగడుతున్నారు.