మునక్కాయలు ఇవ్వలేదంటే పొగరేనా?

హన్మకొండలో మా చిన్నాయన వాళ్ల ఇల్లు. గోడ అవతలి నుంచి పక్కింటామె అన్నది, "అన్నా, ఈసారి మీ చెట్టుకు మునక్కాయలు మస్తు కాసినయి గదా!" ఆయన "అవును, బాగనే కాసినయి" అని లోపలికి వెళ్లిపోయాడు. నాలుగు కాయలు కోసిమ్మని ఆమె మాటకు అర్థం, అది మీకు వెంటనే తట్టింది కదా? ఆయనకు తట్టలేదు. చాలా రోజులు ఆమె పొగరనే అనుకుంది. ఆయనకున్నది స్కిజోఫ్రీనియా, అంటే ఎవరూ లేకున్నా గొంతులు వినిపించడం, లేనిదాన్ని గట్టిగా నమ్మడం లాంటివి ఉండే మానసిక జబ్బు.

నోటితో అడగని మాటను పట్టుకోవడం, ముఖం చూసి కోపమో దిగులో తెలుసుకోవడం, ఎదుటివాడు కావాలని చేశాడా పొరపాటున చేశాడా అని తేల్చుకోవడం, వీటన్నిటినీ కలిపి సోషల్ కాగ్నిషన్ అంటారు. ఈ జబ్బులో చాలామందికి ఇది కష్టమవుతుంది, మందులతో చెవిలో గొంతులు తగ్గాక కూడా.

మరి దీన్ని కొలిచేదెట్లా? బాగా పేరున్న ఒక పరీక్షలో 36 జతల కళ్ల ఫొటోలు చూపించి, ఆ మనిషి మనసులో ఏముందో నాలుగు మాటల్లోంచి ఒకటి ఎంచుకోమంటారు. 2001లో ఇంగ్లండ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం ఇచ్చిన రూపం అది. కళ్లు తెల్లవాళ్లవి, మాటలు ఇంగ్లిష్‌వి. నర్సంపేట రైతు అక్కడ తడబడితే జబ్బు వల్లనా, ఆ ముఖాలు కొత్త కావడం వల్లనా? సొంతవాళ్ల ముఖాల్లో భావాలను మనుషులు కొంచెం మెరుగ్గా గుర్తుపడతారని పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. అందుకే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో మన దేశపు ముఖాలతో ట్రెండ్స్ అనే పరీక్షను, మన సందర్భాలతో సోక్రటిస్ అనే ఇంకోదాన్ని తయారుచేశారు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఈ జబ్బులో వినిపించే గొంతుల సంగతి. అమెరికా మానవ శాస్త్రవేత్త తాన్యా లూర్‌మన్ బృందం కాలిఫోర్నియా, ఘనాలోని అక్రా, మన చెన్నై, ఒక్కోచోట 20 మందితో మాట్లాడింది. అమెరికావాళ్లకు ఎక్కువగా హింస, బెదిరింపులు వినిపిస్తే, చెన్నైలో చాలామందికి చుట్టాల గొంతులే, తిడతాయి, ఇంటిపని చెయ్యమంటాయి!

ఇక నమ్మకాలు. మేడారంలో పూనకం వచ్చినామెను ఎవరైనా పిచ్చిదంటారా? డాక్టర్లు కూడా ఆ ఊరంతా నమ్మేదాన్ని భ్రమ కింద రాయకూడదు. "మీ ఇంట్లో మిగతావాళ్లు కూడా అట్లనే అనుకుంటున్నారా?" అని అడగాలి. ఇంటివాళ్లు కూడా "మాకు అట్ల అనిపిస్తలేదు సార్" అన్నారంటే అప్పుడు ఆలోచించాలి. మీ ఇంట్లో ఇలాంటి టెన్షన్ ఉంటే 14416కు ఫోన్ చేయండి, అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పక్కింటామెకు ఇప్పుడు సంగతి తెలుసు. "అన్నా, నాలుగు కాయలు కోసియ్యి" అని నేరుగా అడుగుతుంది, ఆయన సంచి నిండా కోసిస్తాడు.