కుళాయి ఆగితే గీజరు ఖాళీ అయినట్టు కాదు

అందరికీ నమస్కారం. ఈ పూట మాట్లాడుకునేది చిన్న పని గురించే. గీజరు కనెక్షన్ పైపు కారుతోంది, లేదా వాల్ మిక్సర్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే గోడ కుళాయి) స్పిండిల్, అంటే పిడితో పాటు లోపల తిరిగే కడ్డీ, పోయింది. విప్పే ముందు వేడినీళ్లు ఎలా ఆపాలి?

చాలామంది మేడ మీదికెళ్లి నీళ్ల ట్యాంకు దగ్గరి గేట్ వాల్వ్ (చక్రం తిప్పితే లోపలి బిళ్ల దిగి నీళ్లు ఆపేది) కట్టేస్తారు. కిందికొచ్చి వేడి కుళాయి తిప్పుతారు. ధార సన్నబడి ఆగిపోతుంది. ఇక నీళ్లు లేవనుకుని స్పానర్ పెడతారు. చేతులు కాలేది అక్కడే.

గోడకు నిలువుగా బిగించే గీజరుకు కింద రెండు మూతులుంటాయి. నీలం గుర్తున్న దాంట్లోంచి చన్నీళ్లు లోపలికి వెళ్తాయి, ఎర్ర గుర్తున్న దాంట్లోంచి వేడినీళ్లు వస్తాయి. ఎర్రవైపు గొట్టం లోపల ట్యాంకు పైభాగం దాకా లేచి ఉంటుంది. కింద నుంచి చన్నీళ్లు తోస్తేనే పైనున్న వేడినీళ్లు ఆ గొట్టంలో పడి కుళాయికి దిగుతాయి. తోపు ఆగితే కుళాయి ఆగుతుంది, ట్యాంకు మాత్రం నిండుగానే ఉంటుంది. నీలం మూతి దగ్గరుండే మల్టీఫంక్షన్ వాల్వ్ ఆ నీళ్లను వెనక్కి పోనివ్వదు. దాన్ని విప్పారో, 15 లీటర్లూ మోచేతి మీదుగా దిగుతాయి. 60 డిగ్రీల నీళ్లకు చర్మం లోతుగా కాలడానికి 5 సెకన్లు చాలు.

అందుకే ముందు ఆపాల్సింది కరెంటు, నీళ్లు కాదు. స్విచ్ ఒక్కటే నొక్కితే సరిపోదు. వైరింగ్ తిరగబడిన ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద ఉంటుంది. లైటు ఆరుతుంది, ఫేజు (కరెంటు వచ్చే వైరు) మాత్రం ఎలిమెంటు, అంటే నీళ్లు కాచే కాయిల్, దాకా అలాగే ఉంటుంది. కరెంటు బోర్డులోని ఎంసీబీ (గీజరు లైను బ్రేకర్ స్విచ్) దించండి, ప్లగ్ పీకండి. ప్లగ్ లేకుండా నేరుగా వైరు ఇచ్చి ఉంటే టెస్టర్ పెట్టి చూడండి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న సాకెట్లో చూసుకోండి. ఎంసీబీ మీద ఒక టేపు ముక్క అంటించండి. ఇంట్లో ఎవరో ఒకరు 'ట్రిప్ అయినట్టుంది' అని ఎత్తేస్తారు.

ఇప్పుడు నీళ్లు కట్టేయకుండానే వేడి కుళాయి వదలండి. 15 లీటర్ల గీజరుకు రెండు మూడు బకెట్లు, 25 లీటర్లదానికి నాలుగు పట్టాక చన్నీళ్లు వస్తాయి. పారబోయకండి, బట్టలకు పనికొస్తాయి. చేతికి చల్లగా తగిలాకే నీలంవైపు యాంగిల్ కాక్ (గీజరు పైపు గోడలోంచి వచ్చే చోట ఉండే చిన్న వాల్వు) కట్టేయాలి. ప్రెషర్ పంపు ఉంటే దాన్నీ ఆపాలి, లేకపోతే పైపు విప్పగానే అది తిరగడం మొదలుపెడుతుంది.

యాంగిల్ కాక్ లేని ఇళ్లలో మేడ మీది గేట్ వాల్వే గతి. బోరునీళ్ల సున్నం పట్టి అది బిగుసుకుపోయి ఉంటుంది. పైపు రెంచి వేసి తిప్పితే స్పిండిల్ విరిగి, లోపలి బిళ్ల కిందికి జారి లైనంతా మూసుకుపోతుంది. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ వదులు చేయాలి. అవకాశం దొరికినప్పుడు దాని బదులు బాల్ వాల్వ్ వేయించుకోవడమే మేలు.

విప్పడంలో కూడా వరస ఉంది. వేడి కుళాయి తెరిచే ఉంచి, ముందు ఎర్రవైపు కనెక్షన్ వదులు చేయండి. కాసిని నీళ్లే కారతాయి. ఆ దారిన లోపలికి గాలి వెళ్తుంది. తర్వాత కింద బకెట్ పెట్టి నీలంవైపు మల్టీఫంక్షన్ వాల్వ్ విప్పితే ట్యాంకు మొత్తం దిగుతుంది.

అన్నీ కట్టేసినా వేడి లైన్లో నీళ్లు వస్తూనే ఉంటే? వాల్వును తిట్టే ముందు వాల్ మిక్సర్ చూడండి. హ్యాండ్ షవర్ పిడి దగ్గర ఆపేసి, మిక్సర్ పిడులు రెండూ తెరిచి వదిలేస్తే, చన్నీళ్లు మిక్సర్ లోపలి నుంచి దాటి వేడి లైన్లోకి వస్తాయి. రెండు పిడులూ కట్టేస్తే ఆగిపోతుంది. ఆ సన్నటి కారుడు పోకుండా సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) అతికిస్తే సొల్యూషన్, అంటే ఆ పైపుల జిగురు, పట్టదు. పైపు, ఫిట్టింగు రెండూ పొడిగా ఉండాలి.

సోలార్ హీటర్‌కు స్విచ్ ఉండదు, ఎండే దాని కరెంటు. కాబట్టి తెల్లవారుజామున పని పెట్టుకోవాలి. గాజు గొట్టాల మీద దుప్పటి కప్పి, ట్యాంకు నుంచి కిందికి దిగే వేడి లైను వాల్వు కట్టేయాలి. గాలి గొట్టాన్ని మాత్రం ఎప్పుడూ మూయకూడదు. ఆవిరి పోయే దారి అదే. ఖాళీ గొట్టాలు ఎండలో కాగాక చన్నీళ్లు వదిలితే గాజు పగులుతుంది. సాయంత్రం దాకా ఆగండి.

పనయ్యాక వేడి కుళాయి తెరిచి, ముందు నీళ్లే వదలాలి. మొదట బుసబుసమని గాలి, తుప్పు రంగు నీళ్లు వస్తాయి. కుళాయి మూతి జాలీ అంతకు ముందే తీసి పక్కన పెట్టండి. ధార తెగకుండా వచ్చాకే ఎంసీబీ ఎత్తాలి. నీళ్లు లేని ట్యాంకులో 2000 వాట్ల ఎలిమెంటు కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అరగంట కాగాక, కరెంటు మళ్లీ ఆపి, కనెక్షన్ నట్ల చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పి చూడండి. చల్లగా ఉన్నప్పుడు కారని జాయింటు వేడెక్కాక కారడం మామూలే.