డ్రోన్ ముక్కు ఎటుంది? తొలిసారి కెమెరా డ్రోన్ ఎగరవేసేవారికి

[దృశ్యం: సూర్యోదయం. వేసవికి నీరింకిన చెరువు నేల, దూరంగా శేషాచలం కొండల వరుస. నేల మీద పరిచిన పట్టా మధ్యలో చిన్న డ్రోన్.]

నమస్కారం. తిరుపతిలో కొత్తగా డ్రోన్ కొన్నవారు తరచుగా అడిగే మొదటి ప్రశ్న, కొండ మీద ఎగరవేయవచ్చునా అని. ఎగరవేయకూడదు. తిరుమలలో డ్రోన్లు నిషిద్ధం. అనుమతి లేకుండా ఎగరవేసినవారిపై కేసులు కూడా నమోదయ్యాయి. పోనీ తలకోన జలపాతానికి వెళదామంటే అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది కనుక అటవీ శాఖ అనుమతి ఉండాలి. చంద్రగిరి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చూడగానే చిత్రీకరించాలనిపించే మూడు చోట్లూ ఇలా మొదటి రోజే చేజారిపోతాయి. నా దృష్టిలో ఇది కొత్తవారికి మేలే, ఎందుకంటే చూడడానికి ఏమీ లేని ఇలాంటి ఎండిన చెరువులోనో, వేరుశెనగ కాయ పెరికేసిన బీడులోనో అయితే మన కళ్లు ఫోన్ తెర మీదికి పోకుండా డ్రోన్ మీదే నిలుస్తాయి.

[దృశ్యం: తూకం మీద డ్రోన్. తరువాత ఫోన్ తెరపై రంగుల పటం.]

నియమాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మన దేశంలో 2021 డ్రోన్ నియమాలు అమలులో ఉన్నాయి. 250 గ్రాముల వరకు బరువున్నవి నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో. నానో డ్రోన్‌కు, అలాగే సొంత సరదాకు ఎగరవేసే మైక్రో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు; అదే మైక్రో డ్రోన్‌తో డబ్బు తీసుకుని పెళ్లి వీడియో తీస్తే మాత్రం అవసరమవుతుంది. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరవేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు, ముందస్తు అనుమతి అక్కరలేని ఆకుపచ్చ మండలంలోని మిగిలిన ప్రాంతంలో 400 అడుగుల వరకు వెళ్లవచ్చు. మనకు రేణిగుంట విమానాశ్రయం దగ్గరలోనే ఉంది కాబట్టి డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ పటంలో మీరు ఎంచుకున్న పొలం ఏ రంగులో ఉందో ముందుగా చూసుకోవాలి. ఇక కొనేవారికి ఒక మాట: విదేశాల్లో పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. కాబట్టి ధర ఎంత తక్కువైనా, సరైన బిల్లు ఇస్తారా, నమోదు సంఖ్య వస్తుందా అని అడగకుండా డబ్బు కట్టవద్దు.

[దృశ్యం: రిమోట్‌పై రెండు బొటనవేళ్లు, దగ్గరగా.]

సాధారణంగా ఎడమ స్టిక్‌ను పైకి తోస్తే డ్రోన్ లేస్తుంది, కిందికి లాగితే దిగుతుంది. పక్కకు తోస్తే ఉన్నచోటనే చుట్టూ తిరుగుతుంది. కుడి స్టిక్ ముందుకు, వెనక్కు, పక్కలకు నడిపిస్తుంది. ఇది పది నిమిషాల్లో అర్థమవుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. కుడి, ఎడమలు మీవి కావు, డ్రోన్‌వి. దాని తోక మీవైపు ఉన్నంతసేపు మీ కుడి, దాని కుడి ఒకటే. ముక్కు, అంటే కెమెరా ఉన్న వైపు, మీవైపు తిరిగిందా, ఎదురుగా నిలబడిన మనిషి కుడిచేయి మన ఎడమపక్కన ఉన్నట్టే అన్నీ తారుమారవుతాయి. చెట్టుకు తగలకుండా పక్కకు తప్పించబోయి సరిగ్గా చెట్టులోకే నడిపినవారంతా ఈ తికమకలో పడ్డవారే.

అందుకు సాధన ఇలా చేయండి. ముందు తోక మీవైపు ఉండగా మనిషి ఎత్తుకు కొంచెం పైన నిలిపి, స్టిక్‌లు వదిలేసి, అది గాలికి ఎటు కదులుతున్నదో గమనించండి. తరువాత నేల మీద నాలుగు రాళ్లు చతురస్రంగా పెట్టి, ముక్కు తిప్పకుండా ఒక్కొక్క రాయి మీదికి నడిపి నిలపండి. అది తడబాటు లేకుండా వచ్చాక ముక్కును పూర్తిగా మీవైపు తిప్పి అదే చతురస్రం మళ్లీ చేయండి. వేళ్లు మొరాయిస్తాయి. కంగారు పుడితే రెండు స్టిక్‌లూ వదిలేస్తే చాలు, జీపీఎస్ ఉన్న డ్రోన్ ఉన్నచోటనే ఆగుతుంది. ఈ రెండో చతురస్రం ఆలోచించకుండా చేయగలిగేదాకా రికార్డింగ్ బటన్ జోలికి పోవద్దని నా సలహా.

[దృశ్యం: రోడ్డు పక్కన పెద్ద చింతచెట్టు. కెమెరా మెల్లగా కొమ్మల వైపు లేస్తుంది.]

ఈ చెట్టుకు నేను ఒక జత రెక్కలు సమర్పించుకున్నాను. సిగ్నల్ తెగినప్పుడు డ్రోన్ తనంతట తాను బయలుదేరిన చోటికి రావడాన్ని రిటర్న్ టు హోమ్ అంటారు. చాలా చిన్న డ్రోన్లలో అది దారి వెతుక్కుంటూ రాదు. మనం ముందుగా పెట్టిన ఎత్తుకు లేచి తిన్నగా వస్తుంది. నేను ఆ ఎత్తును చెట్టుకంటే తక్కువ పెట్టాను, ఆ రోజు అది చెప్పినట్టే చేసింది. చుట్టూ అన్నిటికంటే ఎత్తైన చెట్టునో, విద్యుత్ టవర్‌నో చూసి, దానికి మరో 30 అడుగులైనా కలిపి పెట్టుకోండి. అంతకన్నా ముందు, తగినన్ని ఉపగ్రహాల సిగ్నల్ అంది, హోమ్ పాయింట్, అంటే బయలుదేరిన చోటు, నమోదైందని తెర మీద కనిపించేదాకా డ్రోన్‌ను నేల నుంచి లేపవద్దు.

[దృశ్యం: ఆకాశంలో చుట్లు తిరుగుతున్న గద్ద.]

సూర్యోదయానికే ఇక్కడికి రావడానికి కారణం ఇదిగో. నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైతే దాని మీద తేలుతూ గద్దలు వస్తాయి, డ్రోన్‌ను శత్రువనుకుని కాళ్లతో తన్నడానికీ వెనుకాడవు. పైగా అనేక చిన్న డ్రోన్లకు తయారీదారులు చెప్పే ఉష్ణోగ్రత హద్దు 40 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం తిరుపతి ఆ హద్దును సులభంగా దాటుతుంది. చెరువులో ఇంకా నీళ్లుంటే వాటికి దగ్గరగా దించవద్దు, కిందిని చూసే సెన్సర్లు మెరిసే అలలను చూసి ఎత్తును తప్పుగా లెక్కిస్తాయి.

[దృశ్యం: మామిడి తోట మీదుగా డ్రోన్ నెమ్మదిగా సాగుతున్న దృశ్యం.]

కెమెరా విషయంలో మొదట్లో తెలియవలసింది తక్కువే. ఒక షాట్‌లో ఒకే కదలిక, అది కూడా పది సెకన్లపాటు, మీకే విసుగు పుట్టేంత నెమ్మదిగా. సెకనుకు 25 ఫ్రేములతో తీస్తే షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతు దగ్గర ఉంచండి. మన ఎండకు అప్పుడు చిత్రం తెల్లబోతుంది కాబట్టి లెన్స్‌కు వెలుతురు తగ్గించే నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ తొడగాలి.

బ్యాటరీ 30 శాతానికి రాగానే వెనక్కు తిప్పండి. ఎదురుగాలిలో తిరుగు ప్రయాణం పోయినదానికంటే ఎక్కువ తింటుంది. ఇంటికి చేరాక వేడి చల్లారేవరకు చార్జింగ్ పెట్టవద్దు. వారానికి పైగా వాడకపోతే సగం చార్జితో, ఎండ తగలని చోట ఉంచండి.

[దృశ్యం: డ్రోన్ పట్టా మీద దిగుతుంది. రెక్కలు పూర్తిగా ఆగాకే చేయి ముందుకు వస్తుంది.]