డీఎన్ఏ టెస్ట్‌తో ముత్తాతల్ని వెతకొచ్చా? మన గోదావరోళ్ళకి పనికొస్తదా?

అందరికీ నమస్కారం అండి, ఇవాళ రివ్యూ ఫోనూ కాదు బైకూ కాదు, ట్యూబులో ఉమ్మి పోసి పంపితే మన చుట్టాలెవరో చెప్పే డీఎన్ఏ కిట్టు. డల్లాస్‌లో ఉండే మా బావ సంక్రాంతికి వస్తూ తెచ్చాడు, నాకూ మా నాన్నకీ మా నాయనమ్మకీ చేయించాం.

ముందే చెప్పేస్తున్నా, మన కోనసీమ, పాలకొల్లు, భీమవరం సైడోళ్ళు దీన్ని అమెరికావోళ్ళు వాడినట్టు వాడితే బుర్ర తిరిగిపోద్ది. కారణం మేనరికం అండి, మేనరికం.

ఇది చేసేదేంటంటే మన డీఎన్ఏ ముక్కలు ఇంకోళ్ళ ముక్కలతో ఎంత కలిశాయో సెంటీమోర్గాన్లలో (కలిసిన ముక్కల పొడుగుకి కొలత అనుకోండి) కొలుస్తది. అదే శాతాల్లో చెప్తా. పెదనాన్న పిల్లలతో అయితే సుమారు 12.5 శాతం కలవాలి, వాళ్ళ పిల్లలకీ మన పిల్లలకీ మధ్య 3 శాతం పైచిలుకు, ఇంకో తరం దిగితే ఒక శాతం కూడా ఉండదు. ఒకే వైపు నుంచి చుట్టరికం ఉంటే ఈ లెక్క బానే పనిచేస్తది, కానీ మన ఇళ్ళల్లో అలాగుంటదా? మా నాయనమ్మ సొంత మేనమామనే చేసుకుంది, అంటే మా తాతగారి నాన్న మా నాన్నకి ఒక వైపు తాత, ఇంకో వైపు ముత్తాత. యాప్‌లో వంశవృక్షం వేస్తుంటే ఆయన పేరే రెండు చోట్ల తగిలించాల్సొచ్చింది.

జెడ్‌మ్యాచ్ అని ఒక సైటుంది, మన టెస్ట్ రిజల్ట్ ఫైల్ పెడితే "మీ అమ్మానాన్నలు చుట్టాలా" అని చెక్ చేసే టూల్ ఉంటది అందులో. అక్కడోళ్ళకి అదో పెద్ద షాకు అనుకోండి. మా నాన్న ఫైల్ పెడితే అవును చుట్టాలే అంది, ఆయ్, ఊరంతా వచ్చి అక్షింతలేసి భోంచేసి వెళ్ళిన పెళ్ళి గురించి మాకే కొత్తగా చెప్తంది.

ఇంట్లో మేనరికాలు లేవు కదా అని కూడా ధీమాగా ఉండకండి, వందల ఏళ్ళుగా కులంలోనే ఇచ్చిపుచ్చుకుంటున్నాం కదా. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధనలు చేసే సీసీఎంబీ, అమెరికా హార్వర్డ్ సైంటిస్టులు కలిసి 2009లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వేసిన పేపర్లో ఇదే తేలింది, మన దేశంలో చాలా గుంపులు కొద్దిమంది మూలపురుషుల నుంచి వచ్చి ఆ తర్వాత బయట పెద్దగా కలవలేదని. అందుకే యాప్ "థర్డ్ కజిన్" (ఇందాక చెప్పిన ఒక శాతం లోపు వరస) అని ఎవర్నైనా చూపిస్తే వెంటనే అన్నయ్యా అని మెసేజ్ పెట్టేయకండి, నాలుగైదు దూరపు వరసల్ని కూడేసి ఒక దగ్గర వరసలాగా చూపించి ఉండొచ్చు. నేను చూసేది మొత్తం నంబర్ కాదు, లాంగెస్ట్ సెగ్మెంట్ అని ఒకటుంటది అది, అంటే కలిసిన ముక్కల్లో అన్నిటికన్నా పొడుగుది. అన్నీ చిన్న చిన్న ముక్కలైతే పాత కాలపు కలగాపులగం, ఒకట్రెండు పొడుగు ముక్కలుంటే నిజంగా దగ్గరోళ్ళు అయ్యే ఛాన్స్ ఎక్కువ.

మ్యాప్ మీద రంగులేసి మీరు ఫలానా ప్రాంతం అని చూపిస్తాడే, అది టైంపాస్. సౌత్ ఇండియా అంటాడు. అది అద్దంలో చూసుకున్నా తెలుస్తది.

మరి దేనికి కొనాలి అంటే, కోరంగి రేవు నుంచి, కాకినాడ నుంచి, మద్రాసు నుంచి ఓడెక్కి వెళ్ళిపోయినోళ్ళ కోసం. బర్మా, మారిషస్, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకి, 1903 నుంచి ఫిజీకి మన తెలుగోళ్ళు వెళ్ళారు. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు ఇటు వెతుక్కుంటున్నారు. నేటాల్ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు రాసుంటది, మారిషస్ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అటు కాగితం, ఇటు డీఎన్ఏ కలిస్తే అప్పుడు మజా.

చేయిస్తే ముందు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళకి చేయించండి, మా నాయనమ్మ డీఎన్ఏలో నా దాకా నేరుగా దిగేది సుమారు పావు వంతే మరి, మిగతాది ఆవిడ దగ్గరే ఉంది. ఉమ్మి తీసే ముందు అరగంట ఏమీ నోట్లో పెట్టకూడదు, ఆకూ వక్కా లేకుండా ఆవిణ్ణి అరగంట కూర్చోబెట్టడం ఈ ప్రాజెక్ట్ మొత్తంలో కష్టమైన పని.

మగోళ్ళకి వై డీఎన్ఏ టెస్ట్ వేరే ఉంటది, మగోళ్ళకే ఉండే వై క్రోమోజోమ్‌ని చూసేది, అది తండ్రి నుంచి కొడుక్కి దిగుద్ది. ఇంటిపేరుతో కలుస్తదని అనుకుంటారు గానీ మనలో దత్తతలు ఎన్నో కదా, ఇంటిపేరు ఒక దారి, వై ఇంకో దారి పోతాయి.

కిట్ కొనక ముందు ఖర్చు లేని పనొకటి చెయ్యండి. 2027లో గోదావరి పుష్కరాలు కదా, తర్పణాలకి పంతులుగారు తండ్రి, తాత, ముత్తాత, అమ్మ తరఫు తాతల పేర్లు కూడా అడుగుతారు, అవి ఇప్పుడే పెద్దాళ్ళని అడిగి రాసిపెట్టుకోండి. పాత దస్తావేజులు తియ్యండి, హద్దుల్లో "తూర్పు ఫలానా వారి కొబ్బరితోట" అని ఉంటది చూడండి, ఆ తూర్పు హద్దాయన చాలాసార్లు మన తాతగారి అన్నదమ్ముడే అయ్యుంటాడు.

ఇంక భయం సంగతి. 2023లో ఇలాంటి టెస్టులు చేసే అమెరికా కంపెనీ 23అండ్‌మీ నుంచి సుమారు 69 లక్షల మంది సమాచారం బయటికెళ్ళింది, 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం, డీఎన్ఏ ఎక్కడ మార్చుకుంటాం? పైగా మనం ఇచ్చేది మన ఒక్కళ్ళది కాదు, తమ్ముడిదీ చెల్లిదీ సగం అందులోనే ఉంటది, కాబట్టి ఇంట్లో ఒక మాట అడిగే పంపండి. రిజల్ట్ రాగానే రా డేటా ఫైల్ (మన డీఎన్ఏ వివరాలన్నీ ఉండే అసలు ఫైల్) డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, మ్యాచ్‌లన్నీ చూసుకున్నాక అకౌంట్ వద్దనుకుంటే సెట్టింగ్స్‌లోకెళ్ళి డిలీట్ కొట్టేయొచ్చు, ఇదిగో స్క్రీన్ మీద చూపిస్తున్నా, ఈ కింద బటన్.