వేదికపై గొంతు పెగలాలంటే: బడి నాటికలు, చర్చలు, పోటీలపై ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. చిన్న పట్టణాల ఉన్నత పాఠశాలల్లో జరిగే నాటికలు, చర్చలు, వక్తృత్వ పోటీల గురించి మీ సందేహాలకు ఈ రోజు సమాధానాలు తెలుసుకుందాం. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి, పిల్లల చేత ఎన్నో నాటికలు వేయించి, అనేక పోటీలకు న్యాయనిర్ణేతగా వ్యవహరించిన మాస్టారు మన స్టూడియోలో ఉన్నారు. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారమమ్మా. శ్రోతలకు కూడా నమస్కారం.

వ్యాఖ్యాత: మొదటి శ్రోత లైన్‌లో ఉన్నారు. అమ్మా, మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి.

శ్రోత (ఒక తల్లి): నమస్కారం మాస్టారూ. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. రెండు నెలల కిందట వక్తృత్వ పోటీలో మాట్లాడుతూ మధ్యలో మరిచిపోయింది. వెనక వరుసలో కొందరు పిల్లలు నవ్వారట. అలాగే నిలబడిపోయి, చివరికి ఏడుస్తూ దిగి వచ్చేసింది. ఇప్పుడు మళ్లీ పోటీ ఉందని టీచరు పేరు రాసుకుంటే వద్దంటే వద్దని భీష్మించుకుని కూర్చుంది. బలవంతం చేయాలా, వదిలేయాలా?

మాస్టారు: ముందుగా ఒక మాట అడుగుతాను తల్లీ. ఆ ఉపన్యాసం ఎవరు రాసిచ్చారు?

శ్రోత: వాళ్ల నాన్నగారు రాశారండీ. రెండు పేజీలు. పొల్లు పోకుండా అప్పజెప్పేది.

మాస్టారు: కారణం అక్కడే ఉంది. అమ్మాయిలో లోపం ఏమీ లేదు. పద్యానికి ఛందస్సు ఉంటుంది కాబట్టి ఒక పాదం మరిచిపోయినా యతిప్రాసలు చెయ్యి పట్టుకుని తరువాతి పాదానికి తీసుకుపోతాయి; వచనానికి ఆ ఆసరా లేదు. ఇతరులు రాసిన వచనాన్ని మక్కికి మక్కి బట్టీ పట్టినప్పుడు ఒక్క మాట జారితే, తరువాత ఏమి వస్తుందో తెలియజెప్పే ఆధారం పిల్లల మనసులో ఉండదు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదమ్మా, నా చేతులతో చేసిన తప్పు వల్ల తెలుసుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడికి చక్కటి ఉపన్యాసం రాసి ఇచ్చాను. వాడు ఉచ్చారణ దోషం లేకుండా చెప్పాడు, చప్పట్లు మోగాయి. అప్పుడు న్యాయనిర్ణేతలలో ఒకాయన ఎంతో మృదువుగా, "బాబూ, నీవు చెప్పిన మూడో కారణాన్ని ఇంకొంచెం వివరిస్తావా?" అని అడిగారు. వాడు ఆయన వైపు చూడలేదు. హాలు చివర గోడ దగ్గర నిలబడి ఉన్న నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఆ తరువాత ఏ పిల్లవాడికీ నేను ఉపన్యాసం రాసి ఇవ్వలేదు.

శ్రోత: మరి మా అమ్మాయి ఏమి చేయాలండీ?

మాస్టారు: ఈ పోటీకి పేరు ఇవ్వాలా వద్దా అన్నది అమ్మాయికే వదిలేయండి. కానీ ఇంట్లో మాట్లాడించడం మాత్రం మానకండి. విషయాన్ని తానే చదువుకుని, ఒక చిన్న కాగితం మీద అయిదు మాటలు మాత్రమే రాసుకోమనండి. ఆ అయిదు మాటలను చూస్తూ ఒకసారి మీకు, ఒకసారి తమ్ముడికో చెల్లెలికో, ఒకసారి విషయం బొత్తిగా తెలియని పెద్దవారికి చెప్పమనండి. మూడుసార్లూ వాక్యాలు వేరువేరుగా వస్తాయి. అలా రావడమే మనకు కావలసింది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠస్థం చేసుకోవచ్చు. అప్పటికీ మధ్యలో ఆగిపోతే, అంతకుముందు చెప్పిన వాక్యాన్నే నిదానంగా మరొకసారి చెప్పమనండి. వినేవారికి అది ఆ మాటను నొక్కి చెప్పినట్లుగా ఉంటుంది, చెప్పేవారికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇక ఆ నవ్విన పిల్లల సంగతి మీ అమ్మాయి మోయవలసిన బరువు కాదు. పోటీ మొదలు కాకముందే ప్రేక్షకులుగా కూర్చున్న పిల్లలకు ఎలా వినాలో చెప్పవలసిన బాధ్యత పాఠశాలది. ఆ టీచరుగారికి నా మాటగా చెప్పండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తరువాతి శ్రోత ఒక తెలుగు ఉపాధ్యాయిని.

శ్రోత (ఉపాధ్యాయిని): నమస్కారం మాస్టారూ. వార్షికోత్సవానికి నాటిక వేయిస్తున్నాను. ఆరు పాత్రలే ఉన్నాయి, వేషం కావాలని వచ్చిన పిల్లలు నలభై మంది. హాలులో ఒక్కటే మైకు. రిహార్సల్ చూస్తే మూడో వరుస దాటి ఒక్క మాట కూడా వినిపించడం లేదు. గట్టిగా చెప్పమంటే అరుస్తున్నారు.

మాస్టారు: గట్టిగా చెప్పమనడం మానేయండమ్మా, వాక్యాన్ని చివరిదాకా చెప్పమనండి. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. "నేను నిన్న వాళ్లింటికి వెళ్లాను" అన్నా, "నేను నిన్న వాళ్లింటికి వెళ్లలేదు" అన్నా, చివరి మాట చివరికి వచ్చేదాకా రెండూ ఒకటే వాక్యం. పిల్లలు ఊపిరి చాలక సరిగ్గా ఆ చివరి మాటనే మింగేస్తారు. మొదటి అయిదు మాటలు వినిపించి, చివరిది వినిపించకపోతే ప్రేక్షకుడికి అర్థమయ్యేది ఏమీ ఉండదు. కాబట్టి వాక్యం మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో స్క్రిప్టులోనే గీత గీసి ఇవ్వండి. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్‌ల మేర తగ్గుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. హాలులో గోడల ప్రతిధ్వని కొంత ఆదుకున్నా, మాట మాత్రం మసకబారుతుంది. అందువల్ల రిహార్సల్ సమయంలో మీరు ముందు వరుసలో కూర్చోవద్దు. చివరి వరుసలో కూర్చుని, వినిపించనప్పుడు ఏమీ అనకుండా చెయ్యి మాత్రం పైకెత్తండి. అక్కడ ఒక మనిషి ఉన్నారని, ఆ మనిషికి చెబుతున్నామని తెలిస్తే పిల్లల గొంతు తనంతట తానే అక్కడికి చేరుతుంది. తిరుగుతున్న ఫ్యాన్లను నాటిక జరిగినంతసేపూ ఆపించండి.

శ్రోత: మిగతా ముప్ఫై నాలుగు మంది పిల్లల సంగతి?

మాస్టారు: ఊరి జనం కనిపించే సన్నివేశం ఒకటి పెడితే పది పన్నెండు మందికి వేదిక దొరుకుతుంది. ప్రతి పాత్రకూ ఇద్దరిని తయారు చేసి, ఒక జట్టు చేత వార్షికోత్సవం నాడు, రెండో జట్టు చేత మరొక రోజు ప్రార్థన సమావేశం తరువాత ఆడించవచ్చు. తెర లాగేవారు, వస్తువులు అందించేవారు, ప్రాంప్టింగ్ చేసేవారు కూడా నటులతో సమానమేనని వారి పేర్లు మైకులో చదివించండి. 1880లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన 'వ్యవహార ధర్మబోధిని'ని రాజమహేంద్రవరంలో విద్యార్థుల చేతనే ప్రదర్శింపజేశారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు అదే నాంది అని చెబుతారు. ఆ మొదటి అడుగు వేసింది బడి పిల్లలేనమ్మా, అందుకే బడి నాటకాన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు మనసు కష్టంగా ఉంటుంది.

ఇంకొక్క విషయం. నాటికలో ఒక పిల్లవాడు తన వంతు ఎప్పుడు వస్తుందా అని ఎదుటివారి డైలాగులను పెదవులతో పలుకుతూ నిలబడితే, వాడు వినడం లేదని గుర్తుపట్టండి. ఒకరోజు రిహార్సల్‌లో ఎవరి డైలాగు వారు చెప్పకుండా, ఎదుటి పాత్ర తమతో ఏమన్నదో సొంత మాటల్లో చెప్పమనండి. మరునాడు ఆ ముఖాల్లో మార్పు మీరే చూస్తారు. లోపలి భావం ముఖంలో తనంతట తానే పలికే సాత్త్వికాభినయం అంటూ వేరే నేర్పనక్కరలేదు.

వ్యాఖ్యాత: న్యాయనిర్ణయం గురించి ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు ఫోన్ చేశారు.

శ్రోత (ఉపాధ్యాయుడు): మాస్టారూ, ప్రతి ఏటా ఫలితాలు చెప్పగానే గొడవే. ముగ్గురు న్యాయనిర్ణేతల మార్కులు కలిపి ప్రకటిస్తున్నాము. అయినా పక్షపాతమని అంటున్నారు.

మాస్టారు: మార్కులు కలపడంలోనే ఒక చిక్కు ఉందండీ. ఒకాయన అందరికీ 78కీ 82కీ మధ్యనే వేస్తారు, మరొకాయన 55 నుంచి 95 దాకా వేస్తారు. కలిపితే రెండో ఆయన ఇష్టమే ఫలితమైపోతుంది. అందువల్ల ఒక్కొక్కరి మార్కులను ముందు స్థానాలుగా, అంటే ఒకటి, రెండు, మూడుగా మార్చి, ఆ స్థానాలను కలపండి; తక్కువ మొత్తం వచ్చినవారిది ప్రథమ స్థానం. న్యాయనిర్ణేతలు మాట్లాడుకోకముందే ఎవరి పత్రంపై వారు సంతకం చేసి ఇవ్వాలి. ప్రపంచ పాఠశాలల చర్చాపోటీలలో ఉపన్యాసానికి వేసే మార్కులలో విషయానికి 40 శాతం, చెప్పే తీరుకు 40 శాతం, వ్యూహానికి 20 శాతం కేటాయిస్తారు. మీరు ఏ లెక్క పెట్టుకున్నా పోటీకి వారం ముందే దానిని నోటీసు బోర్డులో పెట్టండి. ప్రతి పిల్లవాడి పేరు ఎదుట రెండు వాక్యాలు రాయమని న్యాయనిర్ణేతలను కోరండి. అంకె ఇంటికి వెళ్లాక పిల్లలకు పనికిరాదు, ఆ రెండు వాక్యాలు పనికివస్తాయి.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఒక విద్యార్థి లైన్‌లో ఉన్నాడు. చెప్పు బాబూ.

శ్రోత (తొమ్మిదో తరగతి విద్యార్థి): నమస్కారం మాస్టారూ. మా బడిలో చర్చాపోటీ ఉంది. విషయం, పాఠశాల పోటీల్లో బహుమతులు ఇవ్వడం మానివేయాలా అన్నది. చీటీ తీస్తే నాకు మానివేయాలనే పక్షం వచ్చింది. నాకు అది నచ్చలేదండీ. బహుమతులు ఉండాలనే నా అభిప్రాయం. నమ్మనిది నేను ఎలా మాట్లాడాలి?

మాస్టారు: మంచి ప్రశ్న వేశావు నాయనా. మన శాస్త్రకారులకు ఒక పద్ధతి ఉండేది. తమ సిద్ధాంతం చెప్పేముందు ఎదుటివారి వాదాన్ని, అదే పూర్వపక్షాన్ని, బలహీనపరచకుండా చెప్పి, ఆ తరువాతే దానికి సమాధానం చెప్పేవారు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయశాస్త్రం చర్చను వాదం, జల్పం, వితండం అని మూడు రకాలుగా విభజించింది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడమే ధ్యేయంగా చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండం. మొండిగా మాట్లాడేవారిని వితండవాదం చేయకని మన ఇళ్లలో అంటుంటారు కదా, ఆ మాట అక్కడి నుంచి వచ్చిందే. నీకు ఈసారి గొప్ప సౌకర్యం ఉంది. నీ పూర్వపక్షం నీవు మనస్ఫూర్తిగా నమ్మినదే కాబట్టి దానిని నీకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఇక రెండో సగం వెతుక్కోవాలి. నీకు ఇంతకుముందు బహుమతులు వచ్చాయా?

శ్రోత: వచ్చాయండీ. పోయిన సంవత్సరం వక్తృత్వంలో ప్రథమ బహుమతి వచ్చింది.

మాస్టారు: ఆ రోజు నీతోపాటు ఎంత మంది మాట్లాడారు?

శ్రోత: పదకొండు మందిమండీ.

మాస్టారు: ఈ ఏడాది వారిలో ఎంత మంది పేర్లు ఇచ్చారు?

శ్రోత: ఒక్క నిమిషం మాస్టారూ... నేను, మా క్లాసు అమ్మాయి ఒకరు, ఇంకో ఇద్దరు. నలుగురమే.

మాస్టారు: మిగతా ఏడుగురు ఎందుకు రాలేదు?

శ్రోత: తెలియదండీ. నేను అడగలేదు.

మాస్టారు: అడుగు. పోటీకి ఇంకా రోజులు ఉన్నాయి కదా, రోజుకు ఒకరిద్దరిని అడిగి, వారు చెప్పినది వారి మాటల్లోనే రాసుకో. కొందరు తీరిక లేదని చెప్పవచ్చు. కొందరు ఎలాగూ బహుమతి మనకు రాదు కదా అనవచ్చు. బహుమతితో సంబంధమే లేదని కూడా ఎవరైనా చెప్పవచ్చు, అప్పుడు దానిని దాచకు. వారు చెప్పినదాన్ని బట్టి నీ అభిప్రాయం మారవచ్చు, మారకపోవచ్చు. మారకపోయినా ఆ ఏడుగురి తరఫున నాలుగు నిమిషాలు మాట్లాడటంలో అబద్ధం ఏమీ ఉండదు. చర్చలో ఎదుటివారు మాట్లాడేటప్పుడు నీ కాగితం చూసుకోకుండా, వారు అన్న ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్లు రాసుకుని, నీ వంతు రాగానే ముందుగా ఆ వాక్యాన్నే చదివి సమాధానం మొదలుపెట్టు.

శ్రోత: మాస్టారూ, ఇందాక ఆ అమ్మగారు చెప్పిన అమ్మాయి లాగా, పోయిన సంవత్సరం మా దగ్గర కూడా ఒకడు మధ్యలో ఆగిపోయి దిగిపోయాడండీ. వాడు నా బెంచీలోనే కూర్చుంటాడు. వాడినే ముందు అడగనా?

మాస్టారు: వాడినే ముందు అడుగు నాయనా. నలుగురిలో వద్దు, ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు అడుగు.

వ్యాఖ్యాత: కార్యక్రమానికి కేటాయించిన సమయం పూర్తయింది. మాస్టారికి, ఫోన్ చేసిన శ్రోతలకు ధన్యవాదాలు. బాబూ, పోటీ అయిపోయాక మళ్లీ ఫోన్ చేసి ఆ ఏడుగురు ఏమన్నారో మాకు చెప్పు.