స్నేహితులకు మైల లేదు

అందరికీ నమస్కారం.

స్నేహం, ప్రకృతి, ఎడబాటు అని మూడు మాటలు చేతిలో పెట్టి అరగంట మాట్లాడమన్నారు. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. మూడు మాటలిస్తే మూడు గంటలు లాగగలను, నా పాత విద్యార్థులు ఇద్దరు వెనక వరుసలో నవ్వుతున్నారు కూడా. భయపడకండి. ఒక్క మనిషి గురించి చెప్పి దిగిపోతాను.

ముందు ఒక లోకరీతి సంగతి. మన ఇళ్లలో ఎవరైనా పోతే ఎవరు ఎంత దగ్గరో లెక్క ముందే రాసిపెట్టి ఉంటుంది. దాయాదులకు పది రోజుల మైల. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలకు మూడు రోజులు. ఎన్నడూ గుమ్మం తొక్కని దాయాది కూడా ఆ పది రోజులూ దీపం పెట్టడు, పండగ చేసుకోడు. మరి స్నేహితురాలో? ఇంటికి పోయి తలస్నానం చేస్తే సరి. మర్నాడు రైతుబజారుకు వెళ్లి బెండకాయలు ఏరుకోవచ్చు.

ఆచారాన్ని ఆడిపోసుకోవడానికి చెప్పడం లేదు. మైలలో నాకు కొంత దయ కూడా కనిపిస్తుంది. కొన్నాళ్లు నువ్వు నవ్వనక్కరలేదు, ఎవరి ఇంటికీ వెళ్లనక్కరలేదు, నిన్నెవరూ ఏమీ అనరు అని లోకం ఇచ్చే సెలవు అది. ఆ సెలవు స్నేహితులకు లేదు, అంతే నా ఫిర్యాదు. పైగా ఆడవాళ్లం, శ్మశానం దాకా వెళ్లే అలవాటు మా తరంలో లేదు. నా స్నేహితురాలిని తీసుకెళ్తున్న వ్యాను సందు మలుపు తిరిగాక వాళ్ల వదినగారు నా దగ్గరికి వచ్చి, “ఇక్కడే స్నానం చేస్తారా, ఇంటికి వెళ్లి చేస్తారా?” అని అడిగారు. మంచి మనిషి, మర్యాదగానే అడిగారు. ఇక ఆ ఇంట్లో నాకు పని లేదని ఆ మాటతో తెలిసింది.

పోయినావిడ మా బడిలోనే సైన్సు చెప్పేది. స్టాఫ్‌రూములో నన్ను “తెలుగు టీచరూ” అని పిలిచేది. బయట అయితే “ఏమే”. సాయంత్రాలు తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి లాక్కుపోయేది. అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రం మామూలు కంటే వెనక్కి తీస్తుంది కదా, అప్పుడు రాళ్ల మధ్య గుంటలు బయటపడతాయి. అరచేయి మునిగేంత నీళ్లలో ఎన్ని ప్రాణులు ఉంటాయో! రాతిని అంటుకుని పువ్వులా కనిపించే సీ ఎనిమోన్ అనే ప్రాణి వేలు తగలగానే ముడుచుకుపోతుంది. ఇన్నేళ్లు విశాఖలో ఉండి బీచ్ అంటే మొక్కజొన్న పొత్తులు, మురీ మిక్చర్ అనుకున్నదాన్ని నేను.

ఒకసారి సన్యాసి పీత ఇల్లు మారడం చూశాం. దానికి వెనక భాగం మెత్తన, సొంత పెంకు ఉండదు. నత్త చచ్చి ఖాళీ అయిన గుల్లలో దూరి బతుకుతుంది, ఒళ్లు పెరిగితే పెద్ద గుల్ల వెతుక్కుంటుంది. మేం చూసిన పీత కొత్త గుల్ల అంచంతా డెక్కలతో తడిమింది. లోపలికి కాలు పెట్టి చూసింది, అటూ ఇటూ దొర్లించింది. ఎంతసేపటికీ తేల్చదే అనుకుంటుండగా రెప్పపాటులో పాతదాంట్లోంచి వెనక భాగం లాగి కొత్తదాంట్లోకి వెనక్కి దూరిపోయింది. నాలో తెలుగు టీచరు ఊరుకుంటుందా? “ఆత్మ కూడా ఇంతేనే, పాత బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు” అన్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు. “ఆ గుల్ల కట్టుకున్న నత్త ఒకటి ఉండేది. అది చచ్చిపోయింది. నీ ఉపమానంలో దానికి చోటెక్కడ?” అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఈ రోజు మీ ముందుకు దాన్నే తెచ్చాను.

హుద్‌హుద్ తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టు దొరికితే పక్కింటివాళ్లతో పంచుకున్నాం. తుఫాను వెలిశాక తల ఎత్తి చూస్తే కైలాసగిరి, కంబాలకొండ నిప్పంటుకుని ఆరినట్టు గోధుమరంగులో నిలబడి ఉన్నాయి. ఆకన్నది లేదు. కొన్ని వారాలకు మోడుల మీద చిగుళ్లు వచ్చాయి. ఊరంతా సంబరం, ప్రకృతి కోలుకుందని. నేనూ పిల్లల చేత వ్యాసం రాయించాను. మా బడి ప్రహరీ పక్కన పెద్ద నిద్రగన్నేరు ఉండేది, వేళ్లతో సహా పెళ్లగిలి పడిపోయింది. ఆమె ఆ గోతి దగ్గర నిలబడి, “అడవి కోలుకుంటుందే. ఈ చెట్టు కోలుకోదు. రెండూ ఒకటే అని పిల్లలకు రాయించకు” అంది.

ఏటా చలికాలం చివర్లో మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. రాత్రిపూట ఇసుక తవ్వి ఒక్కొక్కటి వంద గుడ్ల దాకా పెడుతుంది. గోతిని పూడ్చి, పైన ఇసుకను ఒళ్లంతటితో అదిమి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ పిల్లల మొహం చూడదు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. కుక్కలూ మనుషులూ తవ్వేయకుండా అటవీశాఖ వాళ్లు గుడ్లను కంచె వేసిన చోటికి చేర్చి, పిల్లలు రాగానే నీళ్లలోకి వదులుతారు. అలా వదిలినవాటిలో వెయ్యికి ఒకటి పెద్దదవుతుందని సాధారణంగా చెప్పే అంచనా. వలల్లో చిక్కి, పైకి వచ్చి ఊపిరి పీల్చుకోలేక చచ్చిన పెద్ద తాబేళ్లు అదే ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ప్రకృతి లెక్క జాతి లెక్క. వెయ్యిలో ఒకటి మిగిలితే దానికి చాలు. స్నేహంలో ఆ లెక్క కుదరదు. నాకు మిగిలిన తొమ్మిది వందల తొంభైతొమ్మిది మందితో పని లేదు, ఆ ఒక్కతె కావాలి.

అందుకే ప్రకృతి ఒడిలో దుఃఖం తీరుతుందని ఎవరైనా అంటే నాకు కొంచెం చిరాకు. సముద్రం నన్ను ఓదార్చలేదు. దానికి నేనెవరో తెలియదు.

ఆమె జబ్బు గురించి ఎక్కువ చెప్పను, చెబితే వద్దంటుంది. మంచం దిగలేని రోజుల్లో సాయంత్రం ఫోను చేసి “సముద్రం ఎలా ఉంది?” అని అడిగేది. “నీలంగా ఉంది” అంటే ఒప్పుకునేది కాదు. ఏ నీలం? ఒడ్డు దగ్గర ఏ రంగు, లోపల ఏ రంగు? నురగ తెల్లగా ఉందా, మురికిగా ఉందా? వానాకాలంలో ఒకసారి మా అబ్బాయి కారులో భీమిలి వెళ్తూ, ఎర్రమట్టి దిబ్బల వైపు నుంచి వచ్చే వాగునీరు కలిసినచోట సముద్రపు అంచు ఎర్రబడి ఉండటం చూశాను. కారు ఆపించి ఫోను చేశాను. “గీత గీసినట్టుందా, కలిసిపోతూ ఉందా?” అని అడిగింది. దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లి చూసి వచ్చి చెప్పాను. కలిసిపోతూ ఉంది. తరవాతి చేపల వేట నిషేధం రోజుల్లో పోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లన్నీ హార్బరులో కట్టేసి ఉంటాయే, అప్పుడు. ఆ ఎండల్లో ఇంటికి వచ్చినవాళ్లు నాతో ఆమె గురించి కాదు, ఉక్కపోత గురించి మాట్లాడారు. వాళ్ల తప్పేమీ లేదు. నేను మైలలో లేను కదా.

మీకు ఒక్క మనవి. ఎవరింటికైనా పరామర్శకు వెళ్తే, కుటుంబాన్ని పలకరించాక గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర నిలబడ్డ మనిషి ఎవరని అడగండి. ఆ మనిషి దగ్గర ఇంట్లోవాళ్లకు తెలియని పదేళ్ల కబుర్లు ఉండవచ్చు. మా వదినగారితో, అంటే వాళ్ల వదినగారితో, ఇప్పుడు నేను నెలకోసారి మాట్లాడుతున్నాను. పీతల సంగతి ఆవిడకు బొత్తిగా తెలియదట. బడి నుంచి ఆలస్యంగా వస్తే స్పెషల్ క్లాసులని చెప్పేదట. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

వచ్చే అమావాస్యకు నేను రాళ్ల దగ్గరికి వెళ్తాను. నాతో రావాలనుకున్నవాళ్లు తలుపు దగ్గర పుస్తకంలో పేరు రాయండి, ఆటుపోట్ల పట్టిక చూసి వేళ చెబుతాను. జారని చెప్పులు వేసుకోండి. నాచు మీద కాలు తేలినట్టనిపిస్తే పక్కవాళ్ల చెయ్యి పట్టుకోకండి, ఇద్దరూ పడతారు, చటుక్కున కూర్చోండి. పిల్లలు గుల్లలు ఏరుకుని జేబులో వేసుకోకుండా చూడండి, ఖాళీగా ఉన్నా సరే, వాటి అవసరం ఉన్న పీతలు ఉంటాయి. నన్ను శాస్త్రీయ నామాలు మాత్రం అడగవద్దు, సగం కూడా రావు. మీలో సైన్సు టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి తప్పకుండా రండి.

నమస్కారం.